తోడేసిన సిమెంటు

ప్రియమైన అమ్మకు,

ల్యాబులో నాకంటూ బల్ల దొరికింది. నిజానికి సగం బల్లే, మిగతా సగం మా సీనియర్‌ది. ఆవిడ తుమ్మితే నా సామానంతా గాల్లో ఉంటుంది.

సిమెంటులో మూడోవంతు తీసేసి, కరెంటు ప్లాంటులో బొగ్గు కాలాక మిగిలే బూడిద కలపడం నా పని. ఖర్చు తగ్గుతుంది. చిక్కల్లా, ఆ బూడిద పరమ బద్ధకపుది. దానితో పోసిన దిమ్మలు మొదట్లో ముట్టుకుంటే నలిగేలా ఉంటాయి. అందుకని చిటికెడు నానో సిలికా వేస్తున్నాను. ఇసుకలో ఉండే పదార్థమే, కాని కంటికి ఆనని ధూళి. అది పడగానే గట్టిపడటం మొదలవుతుంది. కాలేజీ పత్రికకి దీని గురించి తెలుగులో రాయమన్నారు సార్. మాటల కోసం వెతుకుతున్నాను, భలే సరదాగా ఉంది.

అన్నట్టు, మన కుట్టుమిషన్ మళ్లీ చెడిందా? ఈమధ్య దానికేమైంది?

నీ సిమెంటు పిల్ల


బంగారూ,

మీ సీనియర్ తుమ్ము చదివి నవ్వాను. కొలతలివ్వడానికొచ్చినావిడ తనని చూసే నవ్వాననుకుని మూతి ముడుచుకుంది.

చిటికెడు వేస్తే గిన్నెడూ గట్టిపడుతుందా? దానికి మాట వెతకడమెందుకే, తోడు! పాలలో చెంచాడు పెరుగు వేస్తే తోడుకోదూ?

మిషన్‌కి బెల్టు సాగిందట. మెకానిక్ గారు మార్చి వెళ్లారు. దారం తెగుతోందంటే మళ్లీ వచ్చారు. నూనె వేయడానికి ఇంకోసారి. నెమ్మదైన మనిషి. భార్య పోయాక ఇల్లంటే బెంగట, దుకాణంలోనే ఉండిపోతారట.

నీతో చెప్పాలి. తోడుకి ఇంకో అర్థం ఉంది కదా. మీ నాన్న పోయి ఇన్నేళ్లయింది. నన్ను పెళ్లి చేసుకుంటానని ఆ మెకానిక్ గారు అడిగారు. నువ్వు సరేనంటేనే నేనూ సరేనంటానన్నాను. కోపమొస్తే కోపమనే రాయి.

అమ్మ


అమ్మకు,

'తోడు' అన్న మాట సార్‌కి నచ్చింది. చిటికెడు వేసిన దిమ్మలు బాగా నిలబడ్డాయి. ఇంకా త్వరగా గట్టిపడాలని ఈసారి రెట్టింపు వేశాను. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇకపై ఉత్తరాలు రాయడం కుదరకపోవచ్చు.

ఇట్లు,
మీ కుమార్తె


బంగారూ,

నేను నీకు 'మీరు' ఎప్పుడయ్యానే?

ఇక రావద్దని ఆయనకి చెప్పేశాను. స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుకుని వెళ్లిపోయారు. నూనె డబ్బా మాత్రం ఇక్కడే మరిచిపోయారు. నువ్వు హాయిగా చదువుకో. మిషన్ బాగానే నడుస్తోంది. నిజం చెప్పనా? అది అసలెప్పుడూ చెడలేదు.

అమ్మ


ప్రియమైన అమ్మా,

రెట్టింపు వేసిన దిమ్మల్ని ఇవాళ విరిచాను. చిటికెడు వేసినవాటికంటే తక్కువ బరువుకే పగిలాయి. లోపల తెల్లటి ఉండలు. ఆ ధూళి నీళ్లన్నీ తాగేసి, తనలో తానే అంటుకుని, దేనితోనూ కలవకుండా ముడుచుకుంది. పగిలింది కూడా సరిగ్గా అక్కడే.

"తొందరపడ్డావు కదూ? ముందు నీళ్లలో బాగా కలిపి, ఆ తర్వాత పొయ్యాలమ్మా" అన్నారు సార్.

ఆ ఉండల్ని చూస్తుంటే నేను రాసిన 'మీ కుమార్తె' గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. బూడిదని ఒక్కదాన్నే నీళ్లలో కలిపి కిటికీ దగ్గర పెట్టాను. ఇప్పటికీ బురదే. సిమెంటు విడిచే సున్నం తగిలితే తప్ప అది గట్టిపడదట. నేను దాన్ని బద్ధకమన్నాను. పాపం, దానికి కావలసింది పక్కన లేదు, అంతే. వ్యాసంలో 'బద్ధకం' కొట్టేశాను. నువ్వు ఒంటరిగా దీపం ముందు కుట్టుకుంటుంటే, అమ్మకి పని పిచ్చి అనుకునేదాన్ని. అదీ కొట్టేశాను.

సరే, అమ్మా. నిజంగానే సరే. ఆయన్ని ఏమని పిలవాలో మాత్రం ఇంకా తెలియదు. ఆ మాట నువ్వు చెప్పకు, నన్నే వెతుక్కోనివ్వు. ఉండకట్టకుండా, మెల్లగా.

పరీక్షలవగానే వస్తాను. ఈలోగా నూనె డబ్బా తీసుకెళ్లమని కబురు పెట్టు. మిషన్ చెడిందని మాత్రం చెప్పకు. ఊరికే రమ్మను.

నీ సిమెంటు పిల్ల