కెప్టెన్ గారి బూట్లు

నూకాలూ, నువ్వు పోయి నేటికి ఏడాది. నా అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు.

కెనడాలో ఉంటున్న మన అమ్మాయి నన్ను ఫెర్రీ ఎక్కించి ఒక చిన్న దీవికి తీసుకెళ్ళింది. అక్కడ పాతకాలపు ఓడ కెప్టెన్ ఇల్లు ఆయన ఉన్నప్పటిలాగే ఉంచారు. గుమ్మంలో ఆయన బూట్లు వీధివైపు తిరిగి ఉన్నాయి. నేను సముద్రం మీద చేపల వేటకెళ్ళినప్పుడల్లా, మనిషి తిరిగి రావాలని నువ్వు నా చెప్పులు ఇంట్లోకి తిప్పి పెట్టేదానివి. నేను వంగి ఆ బూట్లను లోపలికి తిప్పాను.

"నాన్నా, ముట్టుకోకూడదు. ఇల్లు చూపించే ఆవిడ చూస్తోంది."

"చూడనీ. మీ అమ్మ ఇలా పెట్టబట్టే నేను ప్రతిసారీ ఇంటికొచ్చాను. ఆ మాట ఆవిడకి ఇంగ్లీషులో చెప్పు."

ఆ దొరసాని విని నవ్వింది. బూట్లను అలాగే ఉండనిచ్చింది.

నీ చెప్పులు నాతోనే తెచ్చుకున్నాను. అమ్మాయి ఇంటి గుమ్మంలో లోపలికి తిప్పే పెట్టాను.