వీపు మీద వదిలిన దారం

మత్సుయే
మే 10

ప్రియమైన చిజురుకి,

క్షేమంగా చేరాను. మా అక్క ఉమె తుంటి ఎముకకు డాక్టరు కట్టు కట్టాడు కానీ నోటికి కట్టలేకపోయాడు. నేనింకా చెప్పులు విప్పకముందే పరుపు మీది నుంచి, "వచ్చావా పంతులమ్మా! ఇక ఈ ఇంట్లో ఎలకలు కూడా వరసలో నడవాలి కాబోలు" అంది. బాలికల హైస్కూల్లో మొదటి మార్కులు తెచ్చుకున్న పాపానికి ఆవిడకు నేను జీవితాంతం పంతులమ్మనే. ఆవిడకు పిల్లల్లేరు, బావగారు పోయారు. నేను తప్ప చూసే దిక్కు లేదు కనుక ఆవిడ లేచి నడిచేదాకా ఇక్కడే ఉంటాను.

ఇక షాపు సంగతి. నేను లేకుండా నువ్వు నడపడం ఇదే మొదటిసారి కనుక అన్నీ రాసి పంపుతున్నాను. ట్రంకు కాల్లో చెప్పే మాటలకు డబ్బు దండగ, గుర్తూ ఉండవు. పసిపిల్లల చొక్కాలకు కుట్టు అంచులు బయటి వైపే రావాలి. చూసేవాళ్ళు తిరగేసి కుట్టారని నవ్వినా సరే, అవి లోపలుంటే పసి ఒంటికి ఒరుసుకుంటాయి. గుడ్డను కత్తిరించే ముందే ఉతకాలి. వాన పడుతోందని యోషిరో ఆ పని ఎగ్గొడతాడు. వాడు నా కొడుకు కనుక నాకు తెలుసు. షాపు దాటే వస్తువుకు వీపు దారం తప్ప మరే దారమూ వేలాడకూడదు.

నువ్వు ఎప్పుడూ అడగని విషయం ఒకటుంది, నేనే చెబుతున్నాను. ఊళ్ళో కాన్పులు పెరిగాయి, మన గిరాకీ తగ్గింది. అందరూ ఫ్యాక్టరీ బట్టలే కొంటున్నారు. ఒసాకా పెద్ద దుకాణంవాళ్ళు మన నమూనాలు మెచ్చుకుని ఆర్డరిస్తే షాపు ఉంటుంది. ఇవ్వకపోతే ఆకులు రాలే నాటికి తలుపులు మూసేద్దాం, యోషిరో స్కూలు యూనిఫారాల ఫ్యాక్టరీలో చేరతాడు. ఇది బెదిరింపు కాదు, లెక్క.

మయుమికి రోజూ పళ్ళు తోమించు. కోజిని వీపున కట్టుకుని మిషను తొక్కేటప్పుడు వాడి కాళ్ళు చక్రానికి దూరంగా ఉండేలా చూసుకో.

ఆశీస్సులతో,
కినుయో


కురషికి
మే 24

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని మిషను ఎదురుగా గోడకు అంటించాను. ఆయన అన్నం తింటున్నప్పుడు కూడా అటు తిరిగి కూర్చోవడం లేదు.

కోజి పాకడం మొదలుపెట్టాడు. నేను నేల మీద గుడ్డ పరచగానే దాని మధ్యకొచ్చి కూర్చుంటాడు. మీ అబ్బాయి వాడి చుట్టూ సుద్దతో గీత గీసి, "సరిగ్గా కొలత తీసుకోవడానికే వచ్చాడు, పనిమంతుడు" అంటున్నారు. మయుమికి నాలుగేళ్ళు నిండాయి కదా, తను ఇప్పుడు షాపుకు పెద్ద దిక్కు. కొనడానికి వచ్చిన ప్రతి గర్భిణినీ, "లోపల ఉన్నది ఆడా మగా? ఇంకా చెప్పలేదా? ఎందుకని?" అని నిలదీస్తోంది. నిన్న ఒకావిడ నవ్వి నవ్వి కూర్చోవలసి వచ్చింది. కూర్చున్న పుణ్యానికి రెండు చొక్కాలు కొంది.

అత్తయ్యా, కబుర్లతో సాగదీస్తున్నానని మీరు ఈపాటికే కనిపెట్టి ఉంటారు. ఒసాకా నుంచి నమూనాలు తిరిగొచ్చాయి. గుడ్డ బాగుందన్నారు, కుట్టు బాగుందన్నారు. మూడు చొక్కాలకూ వీపు మీద వేలాడే దారానికి మాత్రం ఎర్ర కాగితం కట్టి, 'లోపం: దారం కత్తిరించలేదు' అని రాశారు. సరుకు తనిఖీ చేసే హొరికవా గారు మర్యాదగానే ఉత్తరం రాశారు. దారాలు తీసేసి నలభై చొక్కాలు చూపిస్తే ఆర్డరు ఖాయమట.

ఒక్క జానెడు దారం అత్తయ్యా. నన్నేం చెయ్యమంటారు?

మీ కోడలు,
చిజురు


మత్సుయే
మే 30

ప్రియమైన చిజురుకి,

ఒక్క జానెడు దారం అని రాశావు. ఆ మాట చదివి టీ చల్లారబెట్టుకున్నాను.

ఆ హొరికవా గారికి తల్లి లేదా? పెద్దవాళ్ళ బట్టకు వీపు మధ్య అతుకు ఉంటుంది, అది వెనక కాపలా కాసే కన్ను. పసివాడి ఒళ్ళు చిన్నది, ఒకే పన్నా గుడ్డ సరిపోతుంది, అతుకు రాదు. వెనక కన్ను లేని బిడ్డ మీదికి ఏదైనా వస్తుందనే కదా మనవాళ్ళు వీపు మీద ఎర్రదారంతో కాపు కుట్టు వేస్తారు! ఆ దారం కొసను తెంపకుండా వదిలేస్తారు. బిడ్డ నీళ్ళలోనో నిప్పులోనో పడబోతే దేవుడు ఆ కొస పట్టుకుని పైకి లాగాలి. కొస తెంపేస్తే ఆయన దేన్ని పట్టుకుంటాడు? గాలినా?

నేను మూఢురాలినని ఆ పెద్దమనిషి అనుకుంటే అనుకోనీ. దేవుడు లాగుతాడో లేదో నాకూ తెలియదు. ఆ కొస చూసిన ప్రతి తల్లీ బిడ్డ వైపు ఇంకోసారి చూస్తుందని మాత్రం తెలుసు. ఫ్యాక్టరీ బట్టకూ మన బట్టకూ ఉన్న తేడా అంతా అదే. అది తీసేసి అమ్మాలంటే ఫ్యాక్టరీవాళ్ళు మనకంటే చవగ్గా అమ్ముతున్నారు. మనమెందుకు?

ఇదంతా ఆయనకు విడమరిచి రాయి. నలభై చొక్కాలూ కుట్టి సిద్ధంగా ఉంచు, కొసలతో సహా. ఒక్క దారం తెగినా నాకు తెలుస్తుంది.

ఉమె అక్క ఇదంతా విని, "తాడు మీద ఆరేసిన చొక్కాలను చూసి దేవుడు చేపలు పట్టుకుంటున్నాడనుకోగలడు" అంది. 

ఆశీస్సులతో,
కినుయో


కురషికి
జూన్ 11

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఇది చిన్న ఉత్తరం. హొరికవా గారికి మీరు చెప్పినట్టే రాశాను. ఆయన శనివారం స్వయంగా వస్తున్నారు. బుల్లెట్ రైలు ఒకాయామా దాకా వచ్చినప్పటి నుంచి ఒసాకావాళ్ళకు మన ఊరు పక్కవీధి అయిపోయింది.

ఇంకో మాట. మీకు అబద్ధం రాయలేను. దారాలు తెగిపోయాయి. నలభై చొక్కాలవీ, అన్నీ, మొదలంటా. నేను తెంపలేదు. తెంపినవాళ్ళ పేరు ఇప్పుడు రాయను. మీరు తిడితే ఆ మనిషి తట్టుకోలేదు.

నా మీద కోపం ఉంచుకోండి, నమ్మకం మాత్రం తీసెయ్యకండి.

చిజురు


మత్సుయే
జూన్ 14

చిజురూ,

తెంపింది యోషిరోయే. చిన్నప్పుడు లెక్కలు రాకపోతే పలక విరగ్గొట్టిన ఘనుడు వాడు. ముప్ఫై రెండేళ్ళవాడు నా తిట్లకు తట్టుకోలేడా? తట్టుకుంటాడు, అలవాటే.

ఇరవై రెండో తేదీకి రైలు టికెట్టు కొన్నాను. అక్కను పక్కింటివాళ్ళు చూస్తారు. నేను వచ్చేదాకా షాపు నుంచి ఒక్క చొక్కా కూడా బయటికి వెళ్ళకూడదు.

కినుయో


కురషికి
జూన్ 17

అత్తయ్యగారికి నమస్కారాలు.

పాపం, మీ అబ్బాయికి ఏ పాపమూ తెలియదు. తెంపింది మీ మనవరాలు.

ఆ రోజు ఒకటే ముసురు. కోజి పొత్తిగుడ్డలు ఆరక షాపంతా తాళ్ళు కట్టి వేలాడదీశాం. వచ్చినవాళ్ళు పొత్తిగుడ్డలు తప్పించుకుంటూ నన్ను వెతుక్కోవాలి. మయుమి చాలాసేపు కిక్కురుమనలేదు. పిల్లలు కిక్కురుమనలేదంటే కొంప మునిగినట్టేనని మీరంటారే, నాకు గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది. పరుపులు పెట్టే అల్మారాలో చొక్కాల కట్టతో పాటు దూరి, మీ దారాల కత్తెరతో ఒక్కొక్కటీ తెంపేసింది. చివరి చొక్కా పట్టుకుని బయటికొచ్చి, "అమ్మా, ఒక్క దారం కూడా వేలాడటం లేదు! నాన్నమ్మ భేష్ అంటుంది కదా?" అంది.

మీరు నేర్పిన పాఠమే అత్తయ్యా. వీపు దారం తప్ప అని మీరు మధ్యలో చెప్పేది పాపం తన చెవిదాకా రాలేదు. ఇక తిట్టండి.

కొసలు మొదలంటా పోయాక కుట్టు నిలవదు. నేను ఏడవాలో నవ్వాలో తెలియక వరసగా కుట్లు విప్పుతూ కూర్చున్నాను. కోజి వీపు మీది నుంచి నా జుట్టు లాగుతున్నాడు. అంతలో వీధి చివర టోఫూ అమ్మే మొరియామావాళ్ళ అత్తాకోడళ్ళు వచ్చారు. కోడలికి నెలలు నిండుతున్నాయి.

"ఏంటమ్మా చిజురూ, జనం కుట్టుకుంటారు, నువ్వు విప్పుతున్నావ్! మీ అత్త ఊరికెళ్ళగానే ఇదా పని?" అంది పెద్దావిడ. జరిగింది చెప్పాను. కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "ఇలా తే ఆ సూది. నా మనవడి వీపు నేనే కుడతాను. డబ్బిచ్చి కాపు కుట్టించుకోవడమేంటని నాకు ఎప్పటి నుంచో ఉంది. మీ అత్త ముందు నోరెత్తేదెవరు?" అంది. (ఆవిడ మాటలు ఆవిడవే, నావి కావు.)

"బిడ్డను మోస్తున్నది నేను, కుట్టేది నేను" అంది కోడలు.

"నీ కుట్టు చూస్తే దయ్యం కూడా నవ్వుకుంటూ లోపలికొస్తుందే!"

అలా ఇద్దరూ పంతానికి పోయి చెరొకటి కొన్నారు. నా ముందే కూర్చుని కుట్టారు. కోడలి కుట్లు వంకరటింకరగా పడ్డాయి. ఆ వంకరను చూసుకుని ఆ పిల్ల మురిసిపోయిన మురిపెం నేను ఈ షాపులో ఎప్పుడూ చూడలేదు. మర్నాడు వాళ్ళ మాట విని ఇంకో నలుగురు వచ్చారు.

అప్పుడు నాకు తోచింది ఇది. వీపు మీద ఏమీ కుట్టకుండా చొక్కా ఇద్దాం. పొట్లంలో ఎర్రదారం, ఎలా కుట్టాలో రాసిన కాగితం పెడదాం. కాపు మాత్రం ఇంటివాళ్ళే కుట్టుకోవాలి.

హొరికవా గారు శనివారం వచ్చారు. పొత్తిగుడ్డల మధ్య నుంచి తల వంచుకుని వచ్చి, భూతద్దం పెట్టి చూసి, "నాకిందులో తప్పు దొరకడం లేదే" అన్నారు, కాస్త దిగులుగానే. మీ అబ్బాయి, "తప్పులు చేసే వీలు కొన్నవాళ్ళకే వదిలేశామండీ" అన్నారు. ఆయన నవ్వారు. రెండు వందల చొక్కాలకు ఆర్డరు రాస్తానన్నారు.

నేను ఒప్పుకోలేదు. మా అత్తయ్యను అడగకుండా కుదరదన్నాను. నెలాఖరులోగా చెప్పమన్నారు. మీ కుట్టు లేకుండా మన పేరుతో చొక్కా పంపడం మీకు ఇష్టం లేకపోతే వద్దు, షాపు మూసేద్దాం. నేను ఏడుస్తాను, కానీ మూస్తాను.

ఒక పొట్లం పంపుతున్నాను. చూసి మీరే చెప్పండి.

మీ కోడలు,
చిజురు


మత్సుయే
జూన్ 25

ప్రియమైన చిజురుకి,

ఇరవై రెండో తేదీ టికెట్టు రద్దు చేసుకున్నాను. రద్దు చేసినందుకు పట్టుకున్న డబ్బు షాపు ఖాతాలో వెయ్యకు, అది నాది.

నిజం చెబుతున్నాను, నీ ఉత్తరం చదవగానే ఒళ్ళు మండింది. సగం పనిచేసిన వస్తువు అమ్మడమంటే ఉప్పు వెయ్యని కూర వడ్డించి 'మీరే వేసుకోండి' అనడమే అనుకున్నాను. వద్దు అని జవాబు రాసి, కవరు అంటించి, తపాలా బిళ్ళ కొనడానికి పోస్టాఫీసుకు వెళ్ళాను. కోపంలో కవరు ఇంట్లోనే మరిచిపోయాను.

తిరిగొచ్చేసరికి నీ పొట్లం ఉమె అక్క చేతిలో ఉంది. డాక్టరు వారం నుంచి కూర్చోమని బతిమాలుతుంటే గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి, దిండు ఆసరాగా కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. పక్కింట్లో చేపలు అమ్మే ఆవిడ కూతురు మొన్న ప్రసవించింది, దానికోసమట.

"నీకెందుకక్కా, నేను కుడతా ఇటివ్వు" అన్నాను.

"నువ్వు ఊరందరి పిల్లలకూ కుట్టావు. పిల్లల్లేరని నన్ను ఈ పని ఎవ్వరూ అడగలేదు" అంది, తల ఎత్తకుండానే. "ఈ కాగితం అడిగింది. 'ఈ బిడ్డను ఎరిగినవాళ్ళు కుట్టాలి' అని రాసుంది చూడు. నేను ఎరుగుదును. రాత్రంతా ఏడుస్తుంది, నాకు బాగా వినిపిస్తుంది."

నేను పోస్టు చెయ్యని కవరు చింపేశాను.

మధ్యాహ్నానికి చేపలావిడ, కూతురు, బిడ్డ, వీధిలో ఉన్న ముసలమ్మలంతా వచ్చిపడ్డారు. ఈ ఊరివాళ్ళు పొద్దస్తమానం టీ తాగుతారు. ఆ టీలకు నేను నీళ్ళు కాచి కాచి చేతులు పడిపోయాయి. ఉమె అక్క బిడ్డకు చొక్కా తొడిగి, వీపు మీది కొస పట్టుకుని కొంచెం లాగి చూసి, "దేవుడు ముసలాడు, పట్టు చిక్కుతుందో లేదో చూశాను" అంది. ఆ ఇంట్లో అంత నవ్వు నేను వచ్చాక వినలేదు.

కనుక నా నిర్ణయం ఇది. ఆర్డరు తీసుకో. షాపు మూయడం లేదు. యోషిరో ఫ్యాక్టరీకి పోనక్కర్లేదు, కానీ గుడ్డ మాత్రం ఉతికే కత్తిరించాలి.

నీ కాగితం చదివాను. రాత బాగుంది, బుర్ర పెట్టి రాయలేదు. కుట్టడమెలాగో చెప్పావు, కొసను ఎందుకు వదలాలో చెప్పలేదు. చెప్పకపోతే ఒసాకా తల్లులు కూడా మయుమి చేసిన పనే చేస్తారు. నేను తిరిగి రాసి దీంతో పంపుతున్నాను. అక్షరం మార్చకుండా అచ్చు వేయించు. మయుమిని తిట్టను. చెప్పిన పని పూర్తిగా చేసింది, తప్పు చెప్పినవాళ్ళది. ఆ కత్తెర మాత్రం పై అరలో పెట్టు.

అక్క నడిచేదాకా నేను ఇక్కడే ఉంటాను. ఆ తర్వాత వచ్చినా గల్లాపెట్టె దగ్గర కూర్చోను. మనవలను ఎత్తుకుంటాను. నాకు మాత్రం వాళ్ళను ఎత్తుకునే తీరిక ఎప్పుడు దొరికింది? హొరికవా గారికి ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాయి. సంతకం నీది పెట్టు. ఇకమీదట దేనికైనా నీదే.

ఇక్కడికి ఇరవై పొట్లాలు పంపు. డబ్బు మనియార్డరు చేశాను, పూర్తి ధర. అయినవాళ్ళమని తగ్గించావంటే తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
నీ అత్త కినుయో

చిజురూ, ఇది ఉమె పెద్దత్త రాస్తున్నది. మీ అత్త పోస్టుకు ఇవ్వమని నా చేతికిచ్చింది కనుక విప్పాను. తను రాయని సంగతి ఒకటుంది. నాతో పోటీకొచ్చి అది కూడా ఇంట్లో ఉన్న గుడ్డతో ఒక చొక్కా కుట్టింది. మాటల సందడిలో దాని కుట్టు పక్కకు పోయింది. విప్పి మళ్ళీ కుట్టమన్నాను. రెండుసార్లు విప్పించాను. పళ్ళు కొరుక్కుంది కానీ విప్పింది! ఈ అరవై ఏళ్ళలో నాకింత ఆనందం కలగలేదు. ఇరవై చాలవు, ముప్ఫై పంపు.