మంచం విప్పిన అల్లుడు

పిన్నికి నమస్కారాలు.

ఫోన్‌లో చెబుదామంటే మా గదికీ అత్తగారి గదికీ మధ్య ఉన్నది చెక్క గోడ. అందుకే నేను పనిచేసే టైలరింగ్ షాపులో కూర్చుని రాస్తున్నాను. నువ్వు నర్సుగా చేసి రిటైరైనదానివి, నవ్వవని ధైర్యం. ఏడాదిగా ఆయన దగ్గరికొస్తే నాకు ఏ కోరికా కలగడం లేదు. కోప్పడతాడేమో అనుకుంటే, నా దుప్పటి సరిచేసి పడుకుంటాడు. అదే ఇంకా బాధ. ఆయన మీద ప్రేమే పోయిందేమోనని భయంగా ఉంది పిన్నీ.

నీ అమ్మాయి

తా.క. జవాబు షాపుకే రాయి. ఇంటికొస్తే అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చదువుతారు.

---

అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

ప్రేమ పోతే ఇంత బాధ ఎందుకే? ఇది చాలామంది ఆడవాళ్ళకి ఉండేదే, నోరు విప్పేవాళ్ళే తక్కువ. అలసట, దిగులు, నొప్పి, హార్మోన్లు, వాడే మాత్రలు, కారణం ఏదైనా కావచ్చు. సిగ్గుపడకుండా లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళు. ముందు అల్లుడికి చెప్పు. అసలే వడ్రంగి, కొలత చెప్పకపోతే ఏం చేస్తాడు పాపం.

పిన్ని

తా.క. ఉత్తరం దేని గురించని మీ బాబాయి అడిగారు. బీపీ అన్నాను. ఆ పూట నుంచి కూరలో ఉప్పు మానేశారు.

---

పిన్నికి నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చెప్పాను. చెప్పి తప్పు చేశానేమో. ఆయన అంతా విని, కాసేపు మంచం మీదే కూర్చుని అటూ ఇటూ ఊగాడు. తర్వాత లేచి, పనిముట్ల పెట్టె తెచ్చి, మంచం ఊడదీసి బండి మీద షెడ్డుకి పట్టుకుపోయాడు. పనుందని రోజూ అక్కడే పడుకుంటున్నాడు. నేను చాప మీద. ఇక నాతో పడుకోనని చెప్పడానికి ఇదా పద్ధతి?

నీ అమ్మాయి

తా.క. అత్తగారితో మంచానికి చెదలు పట్టాయన్నాడట. ఆవిడ ఇంట్లో చెక్క సామానంతా పెరట్లో ఎండబెట్టారు. అందులోంచి ఎవరో ఎత్తుకుపోయిన మడత కుర్చీ కోసం వీధంతా వెతుకుతున్నాం.

---

అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

చదువుతుంటే నా ఒళ్ళు మండిపోయింది. ఆడది మనసు విప్పితే మగాడు మంచం విప్పుతాడా? శుక్రవారం మీ బాబాయిని వెంటపెట్టుకుని వస్తున్నా. అల్లుణ్ణి ఇంట్లోనే ఉండమను.

పిన్ని

తా.క. ఎందుకు వెళ్తున్నామో మీ బాబాయికి తెలియదు. బీపీ మిషన్ మాత్రం సర్దుకున్నారు.

---

పిన్నికి వెయ్యి నమస్కారాలు.

దయచేసి రావద్దు. నాలుగు రోజుల కిందటే మంచం తిరిగొచ్చింది. మాకు పెళ్ళయినప్పటినుంచీ అది కదిలితే కిర్రుమనేది, కిర్రుమంటే గోడ అవతల అత్తగారు దగ్గేవారు. నా బాధంతా అదేననుకున్నాడీయన. అతుకులన్నీ కొత్తగా బిగించి, షెడ్డులో పనివాళ్ళని ఎక్కించి గెంతించి మరీ చూశాడట. చప్పుడు లేదు. మా గది తలుపుకి గడియ కూడా పెట్టాడు. "ఇంకెక్కడైనా తేడా ఉంటే చెప్పు, సరిచేస్తా" అన్నాడు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తేడా నా ఒంట్లో కూడా ఉండొచ్చని చెప్పి, ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రక్తపరీక్ష చేసింది, మాత్రల సంచి బోర్లించి చూసింది. దిగులుకి వాడుతున్న మాత్ర వల్ల ఇలా కావచ్చట. సొంతంగా ఆపకూడదని చెప్పి, ఆ మాత్ర రాసిన డాక్టర్‌తో మాట్లాడి తనే మార్పించింది. విశ్రాంతి కావాలంది. కొందరికి కోరిక ముందు రాదట, దగ్గరితనం మొదలయ్యాక వస్తుందట. ఎదురుచూస్తూ కంగారుపడొద్దంది. ఇప్పుడు సాయంత్రం వంట ఆయనది. తొందరేం లేదంటాడు. నాకే కాస్త తొందరగా ఉంది. ప్రేమ ఎక్కడికీ పోలేదు పిన్నీ.

నీ అమ్మాయి

తా.క. అత్తగారు ఈ ఉదయం అన్నారు: "నేను మేలుకునే ఉన్నానని మీకు తెలియాలని దగ్గేదాన్నమ్మా. ఇక హాయిగా నిద్రపోతా." ఇన్నేళ్ళుగా ఆవిడకి దగ్గు మందు కొంటున్నాం.

---

అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

మనసు కుదుటపడింది. అల్లుణ్ణి అనుమానించాను, నా తరఫున బుగ్గ గిల్లు. ఇక్కడ అంతా క్షేమం. మీ బాబాయి, నేను నీ ఉత్తరం కలిసి చదివాం. చదివాక ఆయన చాలాసేపు మా మంచం వైపే చూశారు. కొలతలు వెనక రాశాను. అతుకులు గట్టిగా ఉండాలి.

పిన్ని

తా.క. గడియ కూడా పంపమను. కూరలో ఉప్పు మళ్ళీ వేస్తున్నాం.