గోడలో ఉండిపోయిన దర్వాజ

2006 మే, శనివారం

అడవిలో పోరు ముదిరిందని, రేపు ఊరంతా ఖాళీ చేసి రోడ్డు పక్క శిబిరానికి పోవాలన్నారు. పొద్దుటి నుంచి నాయన ఇంటి తలుపులు ఊడదీస్తూనే ఉన్నాడు. ఊరికే చూస్తూ ఉండలేక, కాలేజీలో చదివిన పాత గ్రీకుల ఇళ్ల సంగతి చెప్పాను. వాళ్లవీ మట్టి గోడలే. నడుమ వాకిలి, ఆడవాళ్లు మగ్గం మీద బట్ట నేసే లోపలి గది. యుద్ధం వచ్చి పల్లెలు విడిచినప్పుడు వాళ్లు కూడా తలుపులు, కిటికీలు విప్పుకుని పట్నం పోయారట. వాళ్ల దేశంలో కలపకు కరువు.

"మనకు కరువు లేదు గానీ ఫారెస్టోళ్లు చెట్టు కొట్టనియ్యరు" అన్నాడు నాయన. "మరి వాళ్లు మల్ల ఇండ్లకు వచ్చిన్రా, బిడ్డా?"

నేను చదివింది అంతవరకే. ఆయన ముఖం చూసి, "అవ్, వచ్చిన్రు" అన్నాను.

నాయన గడ్డపార కింద పెట్టాడు. తాత చెక్కిన టేకు దర్వాజ చట్రం ఒక్కటే గోడలో మిగిలింది. "అట్లయితే దీన్ని ఉండనియ్. వచ్చినంక గిట్లాంటిది యాడ తెస్తం?"

"కొత్తింట్ల తలుపు దేనికి బిగిస్తవ్, నా నెత్తికా?" అంది అమ్మ. అంటూనే గడపకు పసుపు రాసింది.

వాళ్లు తిరిగి వచ్చారో లేదో నాకు తెలియదని సాయంత్రం నుంచి చెప్పాలనుకుంటున్నాను. చెబితే దర్వాజ మాతో వస్తుంది. కానీ నాయన ఇవాళ చాలా రోజులకు కడుపునిండా తిన్నాడు. వానలకు గోడ కూలకుండా పైన ఏం కప్పి పోవాలో అమ్మను అడుగుతున్నాడు.

తెల్లారితే ట్రాక్టర్ వస్తుంది. నేనింకా చెప్పలేదు.