బందిపోటుకు మామ గొంతు

హోసూరు, 1958, శనివారం రాత్రి

ఇంగ్లీషు గుర్రాల సినిమా ఆడుతుంటే మైకులో ఆ మాటలు తెలుగులో చెప్పడం టెంటు హాల్లో నా పని. అందులోని బందిపోటుకు వారంగా మా మామ గొంతే పెడుతున్నాను. ఆయనలాగే ముక్కు ఎగబీల్చి, "ఈడ నేను చెప్పిందే చట్టం, తెలిసిందా!" అంటే జనం పడీపడీ నవ్వుతున్నారు.

ఈరోజు కుందారపల్లి నుంచి ఆ మామే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. గొంతు మారిస్తే జనం ఊరుకోరు. ఆ గొంతుతోనే చెప్పాను.

ఆట అయ్యాక ఆయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "అంతమందిలో ఆ దొంగ ఒక్కడే న్యాయంగా మాట్లాడినాడప్పా! వాణ్ణి యాల చంపినారు? రేపు మీ అత్తను గూడా పిల్చుకొస్తాను."

అత్త ఆ గొంతుతో నలభై ఏళ్ళు కాపురం చేసింది.