దూరం చదువుకు కట్టిన మూట

అమ్మా,

నువ్వు పోయి ఇయ్యాలకు ఏడాది. నేను డిగ్రీ పాసైన. మార్కుల మెమో పోస్టుల ఇంటికే వచ్చింది.

దూరవిద్యల చేరిన అని చెప్పిన నాడు నువ్వేం చేసినవో యాదుందా? "ఎంత దూరం బిడ్డా? బస్సు ఎన్నింటికి?" అనుకుంట దుప్పటి, జొన్నరొట్టెలు, మామిడి తొక్కు మూట కట్టినవ్. ఇంట్ల కూసోని చదువుడే అంటే నమ్మలే. పుస్తకాలు ఇంటికొచ్చినంక నవ్వుకుంట పోస్టుమాన్‌కు రొట్టె పెట్టినవ్. అప్పటిసంది ఆయనొస్తే రొట్టె తప్పలే.

ఇగ పాఠాలు కంప్యూటర్లనే వస్తయని స్టడీ సెంటర్ల సార్ అంటున్నడు. "మరి పోస్టుమాన్‌కు రొట్టెట్ల?" అని నువ్వైతే కొట్లాడేదానివి.

ఇయ్యాల నేనే పెట్టిన. ఆయన తినకుండ శానా సేపు పట్టుకోని నిలవడ్డడు.

నా దూరం చదువు మన అరుగు మీదనే అయిపోయింది. దూరం పోయింది నువ్వే. నీకే మూట కట్టలేదమ్మా.