శారదకు వంత

జగిత్యాల, సెప్టెంబర్ 14

ప్రియమైన నాన్నకు,

ఫోన్‌లో శారద మాటెత్తితే చాలు, పెట్టేస్తున్నావు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టేయలేవు కదా!

మా కాలేజీలో మన జిల్లా మాటలకు నిఘంటువు తయారవుతోంది. నా వంతుకు ‘శారద’ అనే మాట వచ్చింది. సరస్వతి అని రాశాను. విశేషణంగా ‘శరత్కాలపు’ అనే అర్థమూ రాశాను. మూడోది మన వాద్యం, నువ్వు భుజాన వేసుకుని కథ చెప్పిన తంబుర. సునంద మేడం చదివి, “ఇప్పుడెవరన్న వాయిస్తున్నరా? లేకుంటే ‘వాడుకలో లేదు’ అని పెట్టాలె” అన్నారు.

అమ్మ పోయి, నువ్వు శారద పక్కన పెట్టి రెండేళ్లయింది. ఒక్కసారి వాయించవా? దసరా దాకా గడువు అడిగాను.

నీ మొండి బిడ్డ,
సంధ్యారాణి

సిరిసిల్ల, సెప్టెంబర్ 19

ప్రియమైన బిడ్డకు,

నేను చెబుతుంటే పక్కింటి మార్కండేయులు కాక మగ్గం ఆపి రాస్తున్నాడు. నా మాటలకు ఇస్త్రీ కూడా చేస్తున్నాడు.

శరత్కాలమా? ఆ చెమ్మకు కర్ర ఉబ్బి శారద శ్రుతి తప్పేది, మీ అమ్మ నవ్వేది. మన కథలన్నీ పంట ఇంటికొచ్చాకే.

కథకుడు ఒక మాటంటే వంత అందుకుని ముందుకు నడపాలి. ముప్పయ్యేళ్లు మీ అమ్మ అందుకుంది. ఇప్పుడు నేను ఆగితే ఎవరందుకుంటారు, గోడలా? ‘వాడుకలో లేదు’ అని రాసెయ్యి.

దీవెనలతో,
మీ నాన్న ఓదెలు

(నేను, మీ కాకను రాస్తున్న: “అబద్ధం బిడ్డా! రోజు శారద దుమ్ము తుడుస్తడు.”)

జగిత్యాల, సెప్టెంబర్ 23

ప్రియమైన నాన్నకు,

ఒక తప్పు ఒప్పుకోవాలి. చిన్నప్పుడు నువ్వు, “బిడ్డా, పుస్తకం పట్టు, శారద ముట్టకు. నా లెక్క ఊరూరు తిరుగుతవా?” అనేవాడివి. పట్టాను. ఆ పుస్తకం అడ్డం పెట్టుకునే అమ్మ వంతంతా నేర్చుకున్నాను. అమ్మకు తెలుసు.

ఆదివారం వస్తున్నాను. నువ్వు వాయించకపోయినా నేను పాడతాను. కోపమొస్తే తిట్టు, తలుపు మాత్రం వేయకు.

నీ దొంగ బిడ్డ,
సంధ్యారాణి

సిరిసిల్ల, సెప్టెంబర్ 28

ప్రియమైన బిడ్డకు,

నిన్న నిన్ను బస్సెక్కించి వచ్చినా, నీ పాట విని వాకిట్లో చేరిన జనం కదల్లేదు.

రెండో చరణంలో తప్పావు. మీ అమ్మ గొంతు దించే చోట నువ్వు ఎత్తావు. సరిదిద్దుదామని శారద అందుకున్నాను, ఇక దించలేదు. నిన్ను దానికి దూరం పెట్టడం నా తప్పే. నిన్నటి సంతోషం ఇంకా తగ్గలేదు.

మీ అమ్మ ఉన్నన్నాళ్లూ ఏటా మనతో కథ చెప్పించుకున్న కోరుట్ల గంగారాం, సంగతి విని పొద్దున ఫోన్ చేశాడు. ఈసారి పంట దాకా ఆగడట, దసరా తెల్లారే కథ కావాలట, ఒప్పుకున్నాను.

“వంత ఎవరు?” అన్నాడు.

“నేనే.”

“మరి కథ ఎవరు చెప్తరే?”

“నా బిడ్డ. శారద దాని భుజం మీదనే ఉంటది” అన్నాను.

మీ మేడాన్నీ పిలువు. నువ్వు నాలుగు రోజుల ముందే రా, శ్రుతి చేయడం నేర్పాలి.

ఇట్లు,
నీ వంతగాడు,
ఓదెలు